అద్దానికి పట్టే ఆవిరి

మార్గశిర మాసపు తెల్లవారుజామున, పెనుకొండ కొండ మీద వెలుగు పూర్తిగా పరచుకోకముందే, 44వ నంబరు జాతీయ రహదారి మీద మోటారు సైకిళ్లు బయలుదేరుతాయి. పాలకేన్లు కట్టుకున్నవారు కొందరు, పట్టుగూళ్ల సంచులతో హిందూపురం మార్కెట్టుకు పోయేవారు కొందరు, ఎర్రమంచి కార్ల కర్మాగారంలో ఉదయపు షిఫ్టుకు అందుకోవలసినవారు మరికొందరు. చలికి హెల్మెట్ అద్దం కిందికి దించుకుంటారు. నాలుగు నిశ్వాసాలు విడిచేసరికి ఆ అద్దం తెల్లబడిపోతుంది. ఎదురుగా వచ్చే లారీ దీపం ఒక పెద్ద పసుపు ముద్దగా కనిపిస్తుందే గాని, ఆ లారీ ఎంత దూరంలో ఉన్నదీ, తన వరుసలోనే ఉన్నదీ లేనిదీ తెలియదు. అద్దం పైకెత్తితే చలిగాలికి కళ్లు నీళ్లు కారుతాయి. దించితే చూపు పోతుంది.

ఇదే ఇబ్బంది కెనడాలో మంచుగడ్డ మీద హాకీ ఆడే ఆటగానికీ ఉన్నది. అతని శిరస్త్రాణానికి ముందు కళ్లను కాపాడే పారదర్శకమైన ఫలకం ఒకటి వేలాడుతుంది. గట్టి రబ్బరు బిళ్ల గంటకు నూరు మైళ్ల వేగంతో వచ్చే ఆటలో ఒక్క క్షణం చూపు మసకబారినా ప్రమాదమే. ధర్మవరం, అనంతపురం మైదానాల్లో ఆడే హాకీలో ఈ చిక్కు రాదు. అక్కడ శిరస్త్రాణం ధరించేది ముఖ్యంగా గోలు కాపలాదారు. ఆ శిరస్త్రాణానికి ముందు ఉండేది ఊచల జాలీ. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి భారత మహిళా జట్టుకు గోల్ కీపరుగా ఆడిన ఎతిమరపు రజని ధరించినదీ అటువంటిదే. జాలీలో నుంచి ఊపిరి దారాళంగా బయటికి పోతుంది. ఆవిరి పట్టడానికి అక్కడ అద్దమే లేదు. మంచు హాకీలోనూ ఊచల జాలీ కోరుకొనే ఆటగాళ్లు ఉన్నారు. కాని ఊచలు కంటికి అడ్డమని ఫలకాన్నే ఎన్నుకొనేవారూ ఉన్నారు. అమెరికా, కెనడాలలోని జాతీయ హాకీ లీగు 2013–14 నుంచి కొత్తగా చేరే ఆటగాళ్లకు ఈ కంటి ఫలకాన్ని తప్పనిసరి చేసింది.

అద్దం మీద ఆవిరి ఎందుకు పడుతుంది? మంచు ఆకాశం నుంచి వానలాగే కురుస్తుందని లోకం చాలాకాలం నమ్మింది. "రాత్రి మంచు కురిసింది" అని తెలుగువారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. 1751లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియేలో ఉన్న ఛార్లెస్ లె రువా అనే వైద్యుడు ఒక గాజు పాత్రలో నీరు పోసి, అందులో కొద్దికొద్దిగా మంచుగడ్డ వేస్తూ, పాత్ర వెలుపలి గోడ మీద మొదటి చెమ్మ ఎప్పుడు కనిపిస్తుందో ఉష్ణమాపకంతో గుర్తించాడు. ఆ ఉష్ణోగ్రత రోజుకొక తీరుగా మారుతున్నది. గాలిలో తేమ ఎక్కువైన రోజున ఎక్కువ, తక్కువైన రోజున తక్కువ. దీనినే నేడు తుషార స్థానము అంటున్నాము. ఏ వస్తువైనా చుట్టూ ఉన్న గాలి తుషార స్థానం కంటె చల్లబడితే దాని మీద నీరు చేరుతుంది. 1814లో లండనులోని మరొక వైద్యుడు విలియం ఛార్లెస్ వెల్స్, రాత్రిపూట పచ్చికలో ఉష్ణమాపకాలు పెట్టి చూసి, నిర్మలమైన ఆకాశం కింద గడ్డిపరకలు తమ వేడిని ఆకాశంలోకి ప్రసరింపజేసి గాలి కంటె చల్లబడతాయనీ, మంచు పుట్టేది ఆ చల్లని పరకల మీదనే గాని పైనుంచి రాలేది కాదనీ నిరూపించాడు. భౌతికశాస్త్రంలో ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇద్దరు వైద్యులు తేల్చడం విచిత్రమే.

హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో మల్బరీ తోటలు పెంచి పట్టుపురుగులను సాకే రైతులకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. పురుగుల గదిలో గోడకు తడి బల్బు, పొడి బల్బు అనే రెండు ఉష్ణమాపకాలు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే గుడ్డలోని నీరు అంత త్వరగా ఆవిరై ఆ బల్బును అంతగా చల్లబరుస్తుంది. పొడి బల్బు 25 డిగ్రీలు, తడి బల్బు 22 డిగ్రీలు చూపితే గదిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 77 శాతం. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల వేడిమి, 70 శాతం వరకు తేమ కావాలి. చాకీ పురుగులకు అంతకంటె ఎక్కువ. ఈ రెండు అంకెలు తెలిసినవానికి హెల్మెట్ అద్దం మీద ఆవిరి ఎప్పుడు పడుతుందో లెక్కకట్టడం కష్టం కాదు.

మనిషి విడిచే ఊపిరి సుమారు 34 డిగ్రీల వేడితో, తేమతో నిండుగా ఉంటుంది. ఆ వేడి వద్ద ఒక ఘనమీటరు గాలి ఇముడ్చుకోగల నీటి ఆవిరి సుమారు 37.6 గ్రాములు. శీతాకాలపు ఉదయం బయటి గాలి 16 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతం అనుకోండి. అటువంటి గాలిలో ఉన్న ఆవిరి ఘనమీటరుకు 9.5 గ్రాములు. అది ఇముడ్చుకోగల గరిష్ఠ పరిమాణం 13.6 గ్రాములు. అద్దం కూడా 16 డిగ్రీల వద్దనే ఉన్నదనుకుంటే, దాని వెనుక గాలిలో ఆవిరి 13.6 గ్రాములు మించినప్పుడు చెమ్మ పడుతుంది. ఊపిరి, బయటి గాలి కలిసిన మిశ్రమంలో ఊపిరి భాగం ఏడింట ఒకటికి చేరగానే ఈ హద్దు వస్తుంది. హెల్మెట్ లోపలి గాలిలో ఊపిరి వాటా పదింట ఒకటికి మించకుండా చేయగలిగితే అద్దం తేటగా ఉంటుంది. అయిదింట ఒకటైతే మసక తప్పదు. గడ్డం దగ్గర ఒక చిన్న గాలి రంధ్రం ఎందుకు అంత పని చేస్తుందో ఈ లెక్క చెబుతుంది.

ఇక వానకాలం సంగతి. 24 డిగ్రీల వేడి, 95 శాతం తేమ ఉన్న రోజున బయటి గాలిలోనే ఘనమీటరుకు 20.7 గ్రాముల ఆవిరి ఉంటుంది, హద్దు 21.8 గ్రాములు. ఊపిరి పదిహేనింట ఒక వంతు కలిస్తే చాలు, అద్దం మసకబారుతుంది. అంటే చలి ఎక్కువైన డిసెంబరు కంటె ముసురు పట్టిన ఆశ్వయుజమే ఈ విషయంలో గడ్డుకాలము. 6 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న మంచు హాకీ మందిరానికి ఇదే లెక్క కడితే అక్కడా సుమారు పదిహేనింట ఒకటే వస్తుంది! హిందూపురంలో వానలో బండి నడిపేవాడూ, మాంట్రియల్‌లో మంచు మీద జారేవాడూ ఈ విధంగా ఒకే కష్టంలో ఉన్నారు. వైశాఖంలో మాత్రం ధర్మవరం వారికి ఈ బాధ ఉండదు. గాలి 40 డిగ్రీలకు చేరితే అద్దం ఊపిరి కంటె వేడిగా ఉంటుంది. వేడి వస్తువు మీద చల్లని ఊపిరి ఆవిరి ఎట్లా పడుతుంది?

నీరు చేరడం ఒక సగం కథ. మిగిలిన సగం మరింత ఆసక్తికరమైనది. అద్దం మీద చేరే నీటి మొత్తం చాలా స్వల్పము. ఆ నీరే పలుచని పొరగా పరచుకుంటే వెలుతురు దానిలో నుంచి నేరుగా సాగిపోతుంది. అద్దం తడిసినట్లు కూడా తోచదు. కాని అది పరచుకోదు. కంటికి విడివిడిగా కనిపించనంత సన్నని లక్షల బొట్లుగా నిలబడుతుంది. ఒక్కొక్క బొట్టు ఒక చిన్న కటకము. అది వెలుతురును తన ఇష్టం వచ్చిన దిక్కుకు వంచుతుంది. తెల్లని మసక అంటే ఇదే. నీరు ఒక తలం మీద బొట్టుగా నిలిచేదీ, పొరగా పరచుకొనేదీ ఆ బొట్టు అంచు తలంతో చేసే కోణాన్ని బట్టి తెలుస్తుందని 1805లో థామస్ యంగ్ వివరించాడు. తామరాకు మీద ఆ కోణం చాలా పెద్దది. శుభ్రమైన గాజు మీద దాదాపు శూన్యము.

శుభ్రమైన గాజు అన్న మాటలోనే చిక్కంతా ఉన్నది. 1911లో లార్డ్ రాలే, అప్పటికే నోబెల్ బహుమానం పొందిన ఆ పండితుడు, ఒక గాజు పలక మీద ఊదుగొట్టపు మంటను ఒకసారి అటునుంచి ఇటు పోనిచ్చి, చల్లారిన తరువాత పలక మీద ఊదాడు. పలకంతా మసకబారింది గాని మంట నడిచిన దారి మాత్రం తేటగా నిలిచింది. ఆ దారిలోనూ నీరు చేరింది. అక్కడ అది బొట్లు కట్టక పొరగా పరచుకున్నది. అంతే భేదము. మంట ఆ గాజును ఏమి చేసిందన్న విషయమై స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ ఐట్కెన్‌కూ రాలేకూ 'నేచర్' పత్రికలో వాదం నడిచింది. కంటికి కనపడని జిడ్డు పొర ఒకటి ప్రతి గాజు మీదా ఉంటుందనీ, అది ఉన్నచోట నీరు ముడుచుకుపోతుందనీ మాత్రం ఆనాటి నుంచి అందరూ గుర్తించారు.

ఈ రాలే పేరుతోనే మరొక కథ ముడిపడి ఉన్నది. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే యువతి, విశ్వవిద్యాలయానికి పోయే అవకాశం లేక, వంటింట్లో గిన్నెలు కడిగే నీటి మీద జిడ్డు ఎట్లా పరచుకుంటుందో ఏళ్ల తరబడి పరిశీలించింది. తాను సొంతంగా కల్పించుకున్న తొట్టితో నీటి తలతన్యతను కొలిచింది. ఆమె రాలేకు జర్మను భాషలో వ్రాసిన జాబును ఆయన అనువదింపజేసి, 1891లో 'నేచర్'లో అచ్చు వేయించాడు. స్వచ్ఛమైన నీటి తలతన్యత సబ్బు కలిస్తే సగానికి తక్కువ అవుతుంది. అప్పుడు జిడ్డున్న గాజు మీద కూడా నీరు ముడుచుకోలేదు. ధర్మవరంలో పట్టు దారాన్ని సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడికించి జిగురు తీసేవారు ఈ గుణాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. మామూలు నీరు దారపు చిలుపల లోపలికి చేరడానికి మొరాయిస్తుంది, సబ్బు నీరు వెంటనే ఇంకిపోతుంది.

శాస్త్రజ్ఞులు పలకల మీద ఊదుకుంటున్న కాలంలోనే యుద్ధం వచ్చింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర వద్ద జర్మను సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. తరువాత ప్రతి సైనికునికీ ముఖాన్ని మూసే తొడుగు అవసరమైనది. తొడుగు లోపల ఊపిరి ఎక్కడికి పోతుంది? కంటి అద్దాల మీదికే. అద్దం మసకబారిందని తొడుగు తీసినవాడు వాయువుకు బలి. తీయనివాడు ఎదుటి శత్రువును చూడలేడు. 1916 నాటి బ్రిటిషు తొడుగులో ముక్కుకు బిగింపు పెట్టి, నోటిలో గొట్టం ఉంచి, ఊపిరి కళ్ల వైపు రాకుండా చేశారు. అద్దాలకు రాసుకొనే ఒక రకపు లేపనాన్ని చిన్న డబ్బీలలో పంచారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు టిస్సో ఇంకొక దారి పట్టాడు. బయటినుంచి లోపలికి పీల్చే పొడిగాలిని మొదట అద్దాల మీదుగా పోనిచ్చి, తరువాతనే ముక్కుకు అందించాడు. ప్రతి ఉచ్ఛ్వాసమూ అద్దాన్ని తుడిచిపెట్టే విసనకర్ర అయినది. ఇప్పటి హెల్మెట్‌లలో గడ్డం దగ్గరి రంధ్రం నుంచి అద్దం లోపలి తలం మీదికి గాలిని మళ్లించే ఏర్పాటుకు మూలం ఈ ఆలోచనే. పెద్ద ఖర్చు లేని ఉపాయాలలో దీనిని మించినది లేదనే చెప్పాలి.

1966 జూన్ 5న ఈ చిన్న సమస్య ఒక మనిషిని దాదాపు పొట్టన పెట్టుకున్నది. జెమినీ 9ఎ అనే అమెరికా వ్యోమనౌక నుంచి యూజీన్ సెర్నన్ బయటికి వచ్చి, నౌక వెనుక భాగానికి చేరి, అక్కడ ఉన్న ఒక యంత్రాన్ని వీపుకు తగిలించుకోవాలి. శూన్యంలో కాళ్లు ఆనించుకొనే చోటు లేదు. ఒక మర తిప్పబోతే మనిషే తిరుగుతున్నాడు. శ్రమకు చెమట పోసింది. దుస్తులలో ప్రవహించే వాయువు ఆ వేడినీ తేమనూ తీసివేయలేకపోయింది. శిరస్త్రాణపు అద్దం లోపలివైపు పూర్తిగా మసకబారింది. చేతితో తుడుచుకొనే వీలు లేదు గదా! ముక్కు కొనను అద్దానికి రాసి, ఒక చిన్న కంత చేసుకొని, అందులో నుంచి చూశాడు. నాడి వేగం నిమిషానికి 180 వరకు పోయింది. నౌకాధిపతి టామ్ స్టాఫర్డ్ ఆ యంత్ర పరీక్షను మానిపించి వెనక్కు పిలిచాడు. రెండు గంటల పైచిలుకు తరువాత సెర్నన్, దాదాపు గుడ్డివానివలె తడుముకుంటూ, నౌకలోనికి చేరాడు.

దీని నుంచి మూడు మార్పులు వచ్చాయి. తరువాతి ప్రయాణాలలో బయటికి పోయే ముందు అద్దం లోపలి తలానికి సబ్బు వంటి ద్రవాన్ని పూయడం మొదలైనది. శ్రమ తగ్గించడానికి కాళ్లకు, చేతులకు పట్టులు అమర్చారు. నీటి తొట్టెలలో మునిగి సాధన చేయించారు. ఆ సాధనతో 1966 నవంబరులో జెమినీ 12 నుంచి బయటికి వచ్చిన ఆల్డ్రిన్ పని సులువుగా ముగించాడు. అపోలో ప్రయాణాలకు చల్లని నీరు ప్రవహించే సన్నని గొట్టాల లోదుస్తులు వచ్చాయి. చెమటే పట్టకపోతే ఆవిరి ఎక్కడిది? 1972 డిసెంబరులో అటువంటి దుస్తులతోనే సెర్నన్ చంద్రుని మీద నడిచాడు.

మందు కూడా ఒక్కొక్కసారి కొరుకుతుంది. 2001 ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్షంలో పని చేస్తుండగా, అద్దానికి పూసిన ఆ ద్రవం కంటిలోకి చేరింది. ముందు ఒక కన్ను, తరువాత రెండవది మండిపోయి కొంతసేపు చూపు లేకుండా పోయింది. బరువు లేనిచోట కన్నీరు జారిపోదు. కంటి మీదనే ముద్దగా నిలుస్తుంది. ఆదివారం తలంటులో కుంకుడు రసం కంట్లో పడిన పిల్లవానికి ఆయన బాధ వివరించి చెప్పనవసరం లేదు. కుంకుడు కాయలోని సాపోనిన్ అనే పదార్థం సబ్బులాగే తలతన్యతను తగ్గిస్తుంది. కనుక ఆ రసం పలుచగా రాసి ఆరనిచ్చినా అద్దం మీద ఇదే పని చేస్తుంది, కంటికి ఇదే హానీ చేస్తుంది.

ఇంతవరకు చెప్పినది గాజు గూర్చి. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్కును తయారుచేశారు. సుత్తితో కొట్టినా సులభంగా పగలని ఈ పదార్థమే నేటి హాకీ ఫలకాలకు, మోటారు సైకిలు హెల్మెట్ అద్దాలకు వాడుకలో ఉన్నది. దీని మీద నీరు గాజు మీదకంటె ఎక్కువగా బొట్లు కడుతుంది, అదొక లోపము. గీతలు త్వరగా పడతాయి, అది రెండవది. పెట్రోలు, అసిటోన్ వంటివి తగిలితే లోపల సన్నని చీలికలు ఏర్పడి బలం పోతుంది. కొందరు అద్దం తళతళలాడాలని పెట్రోలు గుడ్డతో తుడవడం కళ్లారా చూసే విషయమే. అంతకంటె చెరుపు లేదు. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్‌లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తున్న హెల్మెట్‌ను కొని, దాని అద్దాన్ని పెట్రోలుతో పాడుచేసుకోవడం ఏమి వివేకము?

కొత్త ఉపాయాలలో రెండు చెప్పదగినవి. అద్దం లోపలివైపు మరొక పలుచని ఫలకాన్ని రబ్బరు అంచుతో బిగించి, నడుమ గాలిని బంధిస్తారు. కదలని గాలి వేడిని త్వరగా పోనివ్వదు గనుక లోపలి ఫలకం ఊపిరికి వెచ్చబడి తుషార స్థానానికి పైననే ఉంటుంది. రెండవది జపానులో పుట్టినది. టైటానియం డయాక్సైడు పూసిన తలం మీద అతినీలలోహిత కిరణాలు పడితే నీటి కోణం దాదాపు శూన్యమవుతుందని 1997లో ఫుజిషిమా, హషిమొతో మొదలైనవారు 'నేచర్'లో ప్రకటించారు. అటువంటి అద్దం మీద నీరు బొట్టుగా నిలవలేదు. కాని ఎండ తగలని రాత్రి ప్రయాణాలలో ఆ గుణం క్రమంగా సన్నగిల్లుతుంది.

ఎర్రమంచిలో కియా సంస్థ 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, 2019 నుంచి ఏటా 3 లక్షల కార్లు చేయగల కర్మాగారాన్ని నడుపుతున్నది. ఆ కార్ల ముందు అద్దానికీ ఇదే శత్రువు. అయితే కారులో చల్లని యంత్రం ఉన్నది గనుక పద్ధతి వేరు. గాలిని మొదట చల్లని గొట్టాల మీదుగా పోనిచ్చి అందులోని నీటిని అక్కడనే రాలగొట్టి, తరువాత వేడిచేసి అద్దం మీదికి ఊదుతారు. తేమ తీసిన గాలి, వెచ్చని అద్దం — రెండూ ఒకేసారి. వానకాలంలో మాత్రం ఒక తమాషా జరుగుతుంది. లోపల చల్లదనం మరీ ఎక్కువ చేస్తే అద్దం బయటి గాలి తుషార స్థానం కంటె చల్లబడి, మసక బయటివైపు పడుతుంది. కొత్తగా కారు నడిపేవారు ఇది తెలియక లోపల గుడ్డతో రుద్దుతూనే ఉంటారు. అప్పుడు తిప్పవలసినది బయటి తుడుపుకర్రను.

2020లో కరోనా వ్యాధి వచ్చి ముఖానికి గుడ్డ కట్టుకోవలసి వచ్చినప్పుడు కళ్లజోడు పెట్టుకొనే ఉపాధ్యాయులందరూ ఈ బాధను ఎరిగినవారే. శస్త్రచికిత్స చేసే వైద్యులకు అది పాత బాధ. కళ్లద్దాలను సబ్బు నీటితో కడిగి, తుడవకుండా గాలికి ఆరనిస్తే ఆవిరి మసక పట్టదని 2011లోనే ఇంగ్లండు శస్త్రవైద్యుల పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చి ఉన్నది.

తరగతిలో దీనిని చూపడానికి పరికరాలేవీ అక్కరలేదు. ఒక గాజు పలకను బాగా కడిగి ఆరబెట్టి, దానిలో సగభాగానికి తడి సబ్బు వేలితో రాసి, మెత్తని గుడ్డతో మరక కనపడనంతవరకు తుడవాలి. పలకను కాసేపు చల్లని నీటికుండ మీద ఉంచి, విద్యార్థి ఒకడు దాని మీద గట్టిగా ఊదాలి. రాసిన సగం తేటగా, రాయని సగం తెల్లగా కనిపిస్తుంది. రాయని సగం మీద ముందుగా వేలితో ఒక అక్షరం వ్రాసి ఉంచితే, ఊదినప్పుడు అది విడిగా బయటపడుతుంది. ఆరిన తరువాత మళ్లీ ఊదితే మళ్లీ అదే అక్షరం. వేలి జిడ్డు గాజు మీద ఎన్ని రోజులు నిలుస్తుందో పలకను బీరువాలో దాచి, వారానికొకసారి తీసి ఊది చూడవచ్చు.